ఆయాసమా, అలసటా?

గుండె జబ్బుతో ఆసుపత్రిలో చేరిన మనిషి దగ్గర డాక్టరుగారు రోజుకు రెండుసార్లు, మహా అయితే పది పదిహేను నిమిషాలు ఉంటారు. మిగిలిన రోజంతా ఆ మంచం పక్కన ఉండేది నర్సులు. మనం సిస్టర్ అని పిలుస్తాం, మగవారైతే బ్రదర్ అంటాం. మూడు డ్యూటీలుగా మారుతూ, ఒకరు వెళ్ళేటప్పుడు ఇంకొకరికి అప్పజెబుతూ వారు రోగిని చూసుకుంటారు. ఇంజెక్షన్ చేయడం, మాత్రలివ్వడం, సెలైన్ సీసా మార్చడం మన కంటికి కనిపిస్తాయి. నిజానికి గుండె వార్డులో నర్సు పనిలో పెద్ద భాగం చూడటం, అడగటం, లెక్కపెట్టడం, రాయడం. డాక్టరుగారు వచ్చి మందు మోతాదు పెంచాలా తగ్గించాలా అని నిర్ణయించేది ఆ రాసిన కాగితం చూసే.

ఈ సంగతి పెద్ద పిల్లల సైన్సు పాఠంలో రావాలి గానీ తెలుగు విభాగంలో ఎందుకు అని మీరు అడగవచ్చు. కారణం ఉంది. మనలాంటి బదిలీ కుటుంబాల్లో, ఊళ్ళో ఉన్న తాతయ్యకో నాన్నమ్మకో గుండె జబ్బు అని తెలియగానే వాళ్ళని మన క్వార్టర్‌కే తెచ్చుకుంటాం. ఆ క్వార్టర్ జబల్పూర్‌లో ఉండొచ్చు, జోర్హాట్‌లో ఉండొచ్చు, జామ్‌నగర్‌లో ఉండొచ్చు. నాన్న డ్యూటీలో ఉంటారు, అమ్మ మందుల షాపు వరుసలో నిలబడి ఉంటుంది. మంచం మీద తెలుగు తప్ప మరో భాష రాని నాన్నమ్మ, మంచం పక్కన తెలుగు రాని సిస్టర్, ఇద్దరి మధ్య రెండు భాషలూ వచ్చిన ఎనిమిదో తరగతి అమ్మాయి. ఉద్యోగరీత్యా మేం తిరిగిన దాదాపు ప్రతి ఊళ్ళోనూ ఇలాంటి పిల్లలు మా తరగతిలో ఉన్నారు. ఆ అమ్మాయి నోట వచ్చిన మాటే కాగితం మీదికి ఎక్కుతుంది. కాబట్టి సిస్టర్ ఏం అడుగుతున్నారో, ఎందుకు అడుగుతున్నారో మనకు తెలియాలి.

ముందు గుండె సంగతి. అది ఎవరి పిడికిలి వారికి ఎంతో అంత ఉంటుంది. నిమిషానికి 70 సార్లు కొట్టుకుంటుందనుకుంటే రోజుకు సుమారు లక్ష సార్లు. విశ్రాంతిగా ఉన్న పెద్దవారిలో నిమిషానికి దాదాపు 5 లీటర్ల రక్తాన్ని నెడుతుంది. రక్తం ఒంట్లో గుండ్రంగా తిరిగి మళ్ళీ గుండెకే చేరుతుందని ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వే 1628లో పుస్తకం రాసి నిరూపించాడు. గుండె ఒకటే అయినా అందులో రెండు పంపులున్నాయి. కుడి పంపు చెడు రక్తాన్ని ఊపిరితిత్తులకు పంపితే, ఎడమ పంపు అక్కడ శుభ్రపడి వచ్చిన రక్తాన్ని ఒళ్ళంతా పంపుతుంది.

'హార్ట్ ఫెయిల్యూర్' అని రిపోర్టులో చూడగానే ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. ఫెయిల్ అంటే ఆగిపోయిందని కాదు. పంపు బలహీనపడిందని. చేలో నిలిచిన నీటిని ఇంజను పెట్టి తోడటం మీలో కొందరు సెలవుల్లో ఊరెళ్ళినప్పుడు చూసే ఉంటారు. ఇంజను సరిగా లాగకపోతే నీరు ఎక్కడికి పోతుంది? ఎక్కడిదక్కడే నిలుస్తుంది. ఎడమ పంపు నెమ్మదిస్తే ఊపిరితిత్తుల్లో, కుడి పంపు నెమ్మదిస్తే కాళ్ళలో, పొట్టలో నీరు చేరుతుంది. పైగా తమ దగ్గరికి వచ్చే రక్తం తగ్గిందని మూత్రపిండాలు ఒంట్లో నీరు తక్కువైందనుకుని ఉప్పునూ నీటినీ బయటికి పోనివ్వవు. ఉన్న నీటికి ఇంకా నీరు తోడవుతుంది. నర్సు అడిగే ప్రశ్నలన్నీ ఈ నీటి జాడ కోసమే.

ఆ ప్రశ్నల్లో వింతగా అనిపించేది ఒకటుంది: "రాత్రి ఎన్ని దిళ్ళు పెట్టుకుని పడుకుంటారు?" దిళ్ళకీ గుండెకీ ఏం సంబంధం? మనం వెల్లకిలా పడుకోగానే కాళ్ళలో ఉన్న రక్తం సులువుగా ఛాతీలోకి వస్తుంది. మంచి గుండె దాన్ని నెట్టేస్తుంది. బలహీనపడ్డ గుండె నెట్టలేదు, ఊపిరితిత్తులు నిండుతాయి, ఊపిరాడదు. లేచి కూర్చుంటే కాస్త తెరిపి. అందుకే ఈ జబ్బు ఉన్నవారు తమకు తెలియకుండానే ఒక దిండు పక్కన రెండోది, తరువాత మూడోది చేరుస్తారు. చివరికి కుర్చీలో కూర్చునే నిద్రపోతారు. మూడు వారాల కింద ఒక దిండు, ఇప్పుడు మూడు అంటే జబ్బు ముదిరిందని అర్థం. "ముసలితనం కదా, నిద్ర పట్టడం లేదు" అని తాతయ్య తేలిగ్గా తీసేసే విషయం నర్సు దిళ్ళ లెక్కలో పట్టేస్తుంది. అర్ధరాత్రి ఉక్కిరిబిక్కిరై లేచి కిటికీ దగ్గరకు వెళ్ళి నిలబడ్డారా అని కూడా అడుగుతుంది. రోగి ఆయాసపడుతుంటే ఆమె మొదట చేసే పని మంచం తలవైపు ఎత్తడం, వీలైతే కాళ్ళు కిందికి వేలాడేలా కూర్చోబెట్టడం. మందు పనిచేసేలోపు ఆ కూర్చోబెట్టడమే ఊపిరినిస్తుంది. కంగారులో ఇంట్లోవాళ్ళు చేసేది దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. "పడుకో, పడుకో" అంటారు.

ఇక మాటల దగ్గరకు వద్దాం. మేం చెప్పదలచుకున్న అసలు సంగతి ఇక్కడుంది.

నాన్నమ్మ "ఆయాసంగా ఉందే" అంటుంది. సంస్కృతంలో ఆ మాటకు శ్రమ, అలసట అని అర్థం. ఇప్పటి మన ఇళ్ళలో దాని అర్థం ఊపిరి అందకపోవడం. పిల్లలు దాన్ని హిందీలో 'థకాన్' అని చెబితే నర్సు నీరసం అని రాసుకుంటుంది. 'సాస్ ఫూల్ రహీ హై' అని చెబితే వెంటనే తల ఎత్తి చూస్తుంది. ఒక్క మాటలో అంత తేడా. తెలంగాణ పల్లెల్లో కొందరు దీన్నే "దమ్మొస్తాంది" అంటారు. హిందీ చెవికి అది 'దమా'లా వినిపించి ఉబ్బసం అనుకునే వీలుంది. "కళ్ళు తిరుగుతున్నాయి" అన్న మాటను అక్షరాలా హిందీలో చెప్పి చూడండి, కళ్ళ డాక్టరు దగ్గరికి పంపిస్తారు. దాన్ని 'చక్కర్' అనాలి. రక్తపోటు మందు వేసుకున్నవారికి మంచం మీంచి చటుక్కున లేచినప్పుడు కళ్ళు తిరిగితే, అది రక్తపోటు పడిపోయిందని చెప్పే గుర్తు. నర్సు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి చూస్తుంది. "కాళ్ళకు నీరొచ్చింది" అంటే 'పానీ' కాదు, 'సూజన్'. "గుండె దడ" అంటే 'ధడ్‌కన్ తేజ్'.

అన్నిటికంటే చిక్కుమాట 'గుండె'. మనం ఛాతీని కూడా గుండె అనే అంటాం. "గుండెల్లో మంట" అన్నప్పుడు అది కడుపులో పులుపు పైకి తన్నడం కావచ్చు, గుండెపోటే కావచ్చు. ఆ రెంటిలో ఏదో తేల్చడం మన పని కాదు. ఎక్కడ అని వేలితో చూపించమనాలి, ఎప్పుడు మొదలైందో అడగాలి, చేయికో దవడకో వీపుకో పాకుతోందా అని అడగాలి, ఆమె ఏ మాట వాడిందో ఆ మాటే చెప్పాలి. "ఛాతీ మీద బండ పెట్టినట్టుంది" అంటే బండ అనే చెప్పండి. పోలికను తీసేసి 'దర్ద్' అని ముగించవద్దు. ఆ బండే నర్సుకు కావలసింది.

ఇంకో జాగ్రత్త. "నాన్నమ్మా, ఆయాసం ఏం లేదు కదా?" అని అడిగితే ఏం జవాబొస్తుంది? "లేదులే అమ్మా" అని వస్తుంది. పిల్లల్ని కంగారు పెట్టడం ఏ నాన్నమ్మకూ ఇష్టముండదు. ఆధునిక నర్సింగుకు బాట వేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్ 'నోట్స్ ఆన్ నర్సింగ్' అనే చిన్న పుస్తకంలో రోగిని గమనించడం మీద ఒక అధ్యాయమే రాసింది. జవాబును నోట్లో పెట్టి అడిగే ప్రశ్నల వల్ల లాభం లేదని అందులో చెప్పింది. రాత్రి బాగా నిద్రపోయారా అని కాకుండా ఎన్ని గంటలు, ఏ వేళప్పుడు నిద్రపోయారని అడగాలని ఆమె పద్ధతి. నూట అరవై ఏళ్ళు దాటినా ఇది మారలేదు. "బాత్‌రూమ్ దాకా వెళ్ళి రావడానికి మధ్యలో ఎన్నిసార్లు ఆగావు?" అంటే నాన్నమ్మ నిజం చెబుతుంది.

వార్డులో పొద్దున్నే బరువు చూసే యంత్రం తిప్పుకుంటూ వస్తారు. గుండె జబ్బుకు బరువేమిటని విసుక్కునే రోగులున్నారు. లెక్క చాలా సులువు. ఒక లీటరు నీరు ఒక కిలో. ఒంట్లో లీటరు నీరు అదనంగా చేరినా కాళ్ళు వెంటనే ఉబ్బవు, ముఖం ఉబ్బదు, మనిషికి ఏమీ తెలియదు. యంత్రానికి తెలుస్తుంది. తిండి వల్ల వచ్చే కొవ్వు ఒక్క రాత్రిలో కిలో పెరగదు కాబట్టి, రాత్రికి రాత్రి పెరిగిన కిలో నీరేనని నర్సుకు తెలుసు. రోజూ ఒకే యంత్రం, ఒకే వేళ, పొద్దున్నే మూత్ర విసర్జన అయ్యాక, ఏమీ తినకముందు, ఒకే రకం బట్టలతో చూడాలి. ఒక్క రోజులో కిలోకు మించి గానీ, మూడు రోజుల్లో రెండు కిలోలకు మించి గానీ పెరిగితే ఆయాసం ఉన్నా లేకపోయినా డాక్టరుకు చెప్పాలని సాధారణంగా ఇంటికి పంపేటప్పుడు చెబుతారు. ఇది ఇంట్లో ఎవరైనా చేయగల పని. మాకు తెలిసినంతలో గుండె జబ్బు మనిషి ఉన్న ఇంటికి కావలసిన మొదటి వస్తువు ఈ తూకం యంత్రమే. ఖరీదైన పళ్ళ బుట్టలు కాదు.

తరువాత పాదాలు. నర్సు చీలమండ పైన, ఎముక మీద బొటనవేలితో నొక్కి ఐదు సెకన్లు ఉంచి తీస్తుంది. గుంట పడి అలాగే ఉండిపోతే అక్కడ నీరుంది. మంచం దిగలేని రోగికి పాదాల్లో కాకుండా నడుము కింది భాగంలో నీరు చేరుతుంది, ఎందుకంటే అతనికి అదే పల్లం. ఆ తెలివి లేనివారు పాదాలు మాత్రమే చూసి బాగుందంటారు.

ఇక్కడ మన ఇళ్ళ అలవాటు ఒకటి చెప్పుకోవాలి. తాతయ్య కాళ్ళు లాగుతున్నాయంటే మనవలు కూర్చుని పిసుకుతారు. మంచి అలవాటే, పోగొట్టుకోవద్దు. కానీ పిసికే ముందు రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ సమానంగా ఉబ్బితే అది గుండె, మూత్రపిండాల వంటి వాటి సంగతి కావచ్చు. ఒక్క కాలే ఉబ్బి, వేడిగా, ఎర్రగా ఉండి, పిక్కలో నొప్పి ఉంటే ఆ కాలిని పిసకకూడదు, నూనె రాసి మర్దన చేయకూడదు. చాలా రోజులు మంచం మీద ఉన్నవారికి, ఆపరేషన్ అయినవారికి, రెండు రోజుల రైలు ప్రయాణం కదలకుండా చేసినవారికి కూడా పిక్క లోపలి సిరలో రక్తం గడ్డకట్టవచ్చు. పిసికితే ఆ గడ్డ ఊడి రక్తంలో కొట్టుకుపోయి ఊపిరితిత్తుల్లో అడ్డం పడుతుంది. ప్రాణం మీదికి వస్తుంది. నర్సులు మంచం మీది రోగి చేత గంట గంటకూ పాదాలు పైకీ కిందికీ ఆడించేది, ఆపరేషనైన మర్నాడే లేపి నాలుగడుగులు వేయించేది ఈ గడ్డ రాకుండానే. చూసేవాళ్ళకు జాలి లేదనిపిస్తుంది. కాళ్ళు లాగడంలో ఇంకో రకం ఉంది. వంద అడుగులు నడవగానే పిక్కలు పట్టేసి, ఆగి నిలబడితే తగ్గి, మళ్ళీ నడిస్తే మళ్ళీ పట్టేస్తాయి. అది కాలి ధమనులు సన్నబడ్డాయని చెప్పే గుర్తు. బీడీ, సిగరెట్టు తాగేవారిలో, మధుమేహం ఉన్నవారిలో ఎక్కువ. వారి పాదాలకు చిన్న దెబ్బ తగిలినా మానడం కష్టం కాబట్టి నర్సు వేళ్ళ సందులు కూడా విప్పి చూస్తుంది.

మంచానికి ఒక కాగితం వేలాడుతుంటుంది. ఒకవైపు లోపలికి వెళ్ళింది, ఇంకోవైపు బయటికి వచ్చింది. నీళ్ళు, టీ, మజ్జిగ, చారు, సెలైన్ ఒకవైపు, మూత్రం కొలిచి ఒకవైపు రాస్తారు. రోగికి డాక్టరు రోజుకు లీటరున్నరే తాగమని చెప్పి ఉంటే, మనం ప్రేమతో ఇచ్చిన కొబ్బరినీళ్ళు కూడా అందులోకే వస్తాయి. ఇచ్చాక సిస్టర్‌కు చెప్పకపోతే ఆమె లెక్క తప్పుతుంది. ఇంట్లో దీనికి తేలిక ఉపాయం: పొద్దున్నే ఆ రోజు కోటా ఒక సీసాలో పోసి పెట్టడం. టీ తాగితే అంత నీరు సీసాలోంచి ఒంపేయడం.

ఉప్పు దగ్గర మాత్రం తెలుగువాళ్ళతో నర్సులకు పెద్ద తగవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికే రోజుకు 5 గ్రాములలోపు ఉప్పు చాలంటుంది. అంటే ఒక టీ చెంచా. "మేం కూరలో ఉప్పు తగ్గించాం" అని ఇంట్లోవాళ్ళు నిజాయితీగానే చెబుతారు. పక్కన ఆవకాయ ముక్క, నంజుకోవడానికి ఊరమిరపకాయ, అప్పడం, వడియాలు ఉంటాయి. చప్పిడి కూర సయించదు కాబట్టి ఆవకాయ ఇంకాస్త ఎక్కువే పడుతుంది. ఉప్పు వెంట నీరు నిలుస్తుంది, మర్నాడు యంత్రం మీద కనిపిస్తుంది. ఆవకాయ లేని అన్నం అన్నమే కాదని మేమూ ఒప్పుకుంటాం. అయినా నిమ్మరసం, జీలకర్ర, మిరియాలు, కొత్తిమీర, చింతపండు ఉప్పు లేకుండానే రుచినిస్తాయి. బజారులో దొరికే 'తక్కువ సోడియం ఉప్పు'లో సోడియం బదులు పొటాషియం ఉంటుంది. గుండెకు, రక్తపోటుకు ఇచ్చే కొన్ని మందులతో అది కలిస్తే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. డాక్టరును అడగకుండా వాడకూడదు.

మందుల్లో ఒకటి రెండు సంగతులు. నీరు తీసే మాత్రను ఉదయమే ఇస్తారు. రాత్రి ఇస్తే నిద్రలో నాలుగుసార్లు లేవాలి, చీకట్లో జారిపడితే తుంటి ఎముక విరుగుతుంది. గుండె పట్టు పెంచే డిగాక్సిన్ అనే మందుకు చక్కని చరిత్ర ఉంది. ఇంగ్లండులో ష్రాప్‌షైర్ ప్రాంతపు ఒక ముసలావిడ ఇరవై దాకా మూలికలు కలిపిన కషాయంతో ఒళ్ళు ఉబ్బినవారికి నీరు దించేది. విలియం విదరింగ్ అనే వైద్యుడికి ఆ సంగతి 1775లో తెలిసింది. ఆ ఇరవైలో పనిచేస్తున్నది ఫాక్స్‌గ్లవ్ అనే మొక్క ఒక్కటేనని ఆయన పోల్చుకుని, పదేళ్ళు రోగుల మీద గమనించి 1785లో పుస్తకం రాశాడు. ఎక్కువైతే అది విషమని కూడా అందులోనే రాశాడు. అందుకే నేటికీ నర్సు ఈ మందు ఇచ్చే ముందు గుండె చప్పుడు పూర్తిగా ఒక నిమిషం లెక్కపెడుతుంది. పెద్దవారిలో 60 కంటే తక్కువుంటే మందు ఆపి డాక్టరుకు చెబుతుంది. ఆకలి చచ్చిపోయిందన్నా, వాంతి వస్తోందన్నా, అన్నీ పచ్చగా కనిపిస్తున్నాయన్నా నవ్వి ఊరుకోదు. ఆ మందు ఎక్కువైందనే అనుమానంతో వెంటనే కబురు పంపుతుంది.

నాడి లెక్కపెట్టడం మీరూ నేర్చుకోవచ్చు. మణికట్టు మీద, బొటనవేలి మొదలు వైపున, చూపుడువేలూ మధ్యవేలూ ఆనించండి. బొటనవేలితో చూడకూడదు, దాని నాడి దానికే తగిలి లెక్క తికమకపడుతుంది. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించడం ఆరోగ్యవంతులకు సరిపోతుంది. లయ తప్పిన గుండెకు నిమిషమంతా లెక్కపెట్టాలి. కొన్ని దెబ్బలు మణికట్టు దాకా రావు కూడా, అందుకే నర్సు స్టెతస్కోపు ఛాతీ మీద పెడుతుంది. రక్తపోటు చూసేటప్పుడు ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టాలి. వీపుకు ఆసరా, పాదాలు నేల మీద, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి, అరగంట ముందు టీ కాఫీలు వద్దు. ఆ సమయంలో మాట్లాడకూడదు. మన ఇళ్ళలో అందరూ చుట్టూ చేరి "ఎంతొచ్చింది, ఎంతొచ్చింది" అంటుంటే ఎంతైనా వస్తుంది.

గుండెపోటు వేరు. గుండె కండరానికే రక్తం తెచ్చే నాళం మూసుకుపోవడం అది. అక్కడ ప్రతి నిమిషమూ కండరం చచ్చిపోతుంటుంది. ఛాతీ నొప్పితో వచ్చినవారికి పది నిమిషాల్లోపు ఈసీజీ తీయాలన్నది నియమం. చాలాచోట్ల ఆ పది నిమిషాలూ నర్సు చేతిలోనే ఉంటాయి. చెమటలు పట్టడం, ఎడమ చెయ్యి లాగడం అందరికీ తెలిసిన గుర్తులే. మధుమేహం ఉన్నవారిలో, ఆడవారిలో, బాగా పెద్దవయసు వారిలో నొప్పి లేకుండా ఉత్త ఆయాసం, వికారం, నీరసంతోనే రావచ్చు. "గ్యాస్ అయ్యుంటుంది, సోడా తాగితే పోతుంది" అనుకుంటూ గడిపిన గంటల్లో పోయిన ప్రాణాలు తక్కువేమీ కాదు. 108కి ఫోన్ చేయాలి. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఈ సేవ ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో ఉంది. ఏ ఊరికి బదిలీ అయినా అక్కడ ఏ నంబరు పనిచేస్తుందో మొదటి వారంలోనే తెలుసుకుని గోడ మీద రాసుకోవాలి. 112 దేశమంతటికీ ఉన్న అత్యవసర నంబరు. మనిషి స్పృహతప్పి, ఊపిరి ఆగిపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాల లోతు నొక్కాలి. ఇది చదివితే రాదు. స్కౌట్లలోనో ఎన్‌సీసీలోనో బొమ్మ మీద చేసి నేర్చుకోండి.

వైద్యంలా కనిపించని వైద్యం కూడా చాలా ఉంది. గుండెపోటు వచ్చిన మనిషి విరేచనానికి ముక్కితే గుండె మీద ఒత్తిడి పడుతుంది. అందుకని నర్సు ఆ సంగతి సిగ్గుపడకుండా రోజూ అడుగుతుంది, మలం మెత్తబడే మందు ఇస్తుంది. స్నానం, పక్క మార్చడం, భోజనం వరసగా ఒకేసారి చేయించదు. మధ్యలో విశ్రాంతినిస్తుంది. చూడటానికి వచ్చిన పదిమందిని బయటికి పంపేస్తుంది. ఆమె మీద అందరికీ కోపం వస్తుంది, రోగి మాత్రం కళ్ళు మూసుకుంటాడు. నొప్పి కంటే భయం ఎక్కువగా ఉండే జబ్బు ఇది. మానిటర్ 'టింగ్' అన్నప్పుడల్లా చచ్చిపోతానేమో అనుకునే తాతయ్యకు, అది వేలి క్లిప్పు ఊడినందుకు మోగిందని తెలుగులో ఎవరో ఒకరు చెప్పాలి.

ఇదంతా ముసలివాళ్ళ గొడవే అనుకోకండి. గొంతునొప్పికి సరైన మందు పడకపోతే, ఐదు నుంచి పదిహేనేళ్ళ పిల్లల్లో కొందరికి రుమాటిక్ జ్వరం వస్తుంది. కీళ్ళ నొప్పులు వచ్చి పోతాయి, కానీ గుండె కవాటాలు దెబ్బతిని మిగిలిపోతాయి. మళ్ళీ ఆ జ్వరం రాకుండా మూడు నాలుగు వారాలకు ఒకసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఏళ్ళ తరబడి చేయించుకోవాలి. చాలా నొప్పి పుట్టే ఇంజెక్షన్. చేశాక నర్సు కొంతసేపు కూర్చోబెట్టి దద్దుర్లు, ఆయాసం రాలేదని చూసుకుని పంపుతుంది, కార్డు మీద తరువాతి తేదీ వేస్తుంది. ఈ కార్డులో ఖాళీలు పడేది ఎప్పుడో మీరు ఊహించగలరు. పాత ఊళ్ళో టీసీ తీసుకుని కొత్త ఊళ్ళో అడ్మిషన్ అయ్యేలోపు. ఒక్క తేదీ తప్పినా ఆ పిల్లవాడి కవాటానికి రక్షణ లేని రోజులు మొదలవుతాయి.

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక సిస్టర్ ఉండరు. ఆ మంచం పక్క కాగితం మాత్రం మనం ఉంచుకోవచ్చు. ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు చాలు. తేదీ, పొద్దుటి బరువు, రక్తపోటు, నాడి, దిళ్ళు ఎన్ని, కాళ్ళ వాపు, వేసుకున్న మందులు రాయాలి. పక్కన తాతయ్య ఆ రోజు చెప్పిన మాట, ఆయన అన్నట్టుగానే తెలుగులో, దాని కింద ఆ ఊరి భాషలో. చిన్న మనవడు అంకెలు రాస్తే పెద్ద మనవరాలు మాటలు రాయవచ్చు. మూడు రోజుల అంకెలు వరసగా పైకి పోతుంటే పెద్దవాళ్ళకు చెప్పాలి. అది మీ పని. మందు మార్చడం మీ పనీ కాదు, మీ అమ్మానాన్నల పనీ కాదు, డాక్టరుది.

బదిలీ ఉత్తర్వు వచ్చినప్పుడు ఈ పుస్తకం, ఆసుపత్రి ఫైలు, పాత ఈసీజీ కాగితాలు, కనీసం నెలకు సరిపడా మందులు అట్టపెట్టెల్లోకి వెళ్ళకూడదు. సామాను లారీ ఎప్పుడు చేరుతుందో ఎవరికీ తెలియదు. పది రోజులు అటూ ఇటూ అయిన సందర్భాలు మీకందరికీ అనుభవమే. ఇవి చేతిసంచిలో, మనం కూర్చునే సీటు దగ్గరే ఉండాలి. ఈసీజీ కాగితం మీద గీతలు వేడికీ వెలుగుకూ వెలిసిపోతాయి కాబట్టి దానికి ఫోటో తీసి గానీ, జిరాక్స్ తీసి గానీ ఉంచాలి. కొత్త ఊళ్ళో డాక్టరు కొత్త ఈసీజీని ఆ పాతదాని పక్కన పెట్టి చూస్తారు. గీతలో వచ్చిన మార్పు ఈవాళ్టిదా, మూడేళ్ళ కిందటిదా అని తేలేది అలాగే.